ముద్దు పక్కన ప్రశ్నార్థకం

ప్రేమలో పడినవాళ్లకు నిద్ర పట్టదు, తిండి సహించదు, నోరు ఆగదు, ఊరికే నవ్వొస్తుంది. ఇది లోకమంతా ఒప్పుకున్న సంగతే. మా అక్క వెర్లిన్ ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలోనూ సరిగ్గా ఇవే నాలుగూ ఉన్నాయి. పైన ఎర్ర సిరాతో ‘ఇవి కనబడితే వెంటనే డాక్టర్ మహాబీర్‌కు ఫోన్ చెయ్యాలి’ అని రాసి ఉంటుంది. అయిదోది కూడా ఉంది: కోపం. అంటే నేను ప్రేమించడానికీ లేదు, పోట్లాడడానికీ లేదు. ఉప్పు లేకుండా ఉడకబెట్టిన దుంపలా చప్పగా పడి ఉంటే మాత్రం అందరికీ సంతోషం.

నా పేరు మార్వా. ముప్పై అయిదేళ్లు. బైపోలార్ అనే మనసు జబ్బు ఉంది. రోజూ లిథియం మింగుతాను, మూడు నెలలకోసారి పరీక్షకు రక్తం ఇస్తాను. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో మిస్ యూలా నడిపే మాస్ క్యాంపులో పనిచేస్తాను. మాస్ క్యాంపు అంటే, ఊరంతా రెండు రోజులు వీధుల్లో ఆడే కార్నివాల్ పండగకు వేషాలు తయారుచేసే రేకుల షెడ్డు. తీగలు వంచేవాళ్లు వంచుతారు, కుట్టేవాళ్లు కుడతారు, నేను రెక్కలకు ఈకలు అంటిస్తాను.

ఈ ఊళ్లో నాలాంటిదానికి జబ్బు తిరగబెట్టాలంటే కార్నివాల్ ముందు నెలను మించిన అదను లేదు. ఎవరికీ అనుమానం రాదు. రెండేళ్ల కిందట నేను నాలుగు రోజులు కన్ను మూయకుండా అరవై కిరీటాలు పూర్తిచేస్తే, మిస్ యూలా మిగతావాళ్లను పిలిచి నన్ను చూపించింది. “చూడండే, దీనికి కార్నివాల్ పట్టింది! మీకెప్పుడు పడుతుందే?” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు పట్టింది కార్నివాల్ కాదని ఒక్కరికీ తోచలేదు. మా ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. గార్విన్ అనే డప్పులవాడికి కూడా నేను తెగ నచ్చాను. కార్నివాల్ మంగళవారం నాడు వేదిక మీదే ఉంగరం తొడిగాడు. ఆ రోజు సాయంత్రమే నేను ఇంటికెళ్లి, రెక్కలకు గుడ్డ చాలలేదని, అక్క ఇంట్లోని కర్టెన్లన్నీ కత్తిరించాను. తరవాత బీరువా తెరిచి ఆమె పెళ్లి గౌను కత్తిరించాను. బావ పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆ గౌను తప్ప ఆమెకు ఆ పెళ్లి తాలూకు గుర్తు ఇంకేదీ లేదు.

మర్నాడు విభూది బుధవారం, కార్నివాల్ ముగిసి ఉపవాసాలు మొదలయ్యే రోజు. నన్ను ఆసుపత్రిలో చేర్చారు. గార్విన్ ఒక్కసారి వచ్చాడు. మందుల మత్తులో బండరాయిలా కూర్చున్న నన్ను పది నిమిషాలు చూసి, “ఆ మార్వా మళ్లీ ఎప్పుడొస్తుంది?” అని అడిగాడు. రాదని అర్థమయ్యాక అతనూ రాలేదు. అతనికి ముందు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ల కథ కూడా ఇదే, ఉంగరాలు మాత్రం లేవు. ముగ్గురూ నా జబ్బునే ప్రేమించారు. అది నయం కాగానే విధవలైనట్టు ముఖాలు పెట్టుకొని వెళ్లిపోయారు.

అందుకే అక్క ఒక నియమం పెట్టింది. క్రిస్మస్ దాటాక విభూది బుధవారం దాకా నేను మగవాళ్ల విషయంలో అవుననీ కాదనీ ఏదీ చెప్పకూడదు. డాక్టరమ్మ కూడా సరేనంది. ఇద్దరు పెద్ద మనుషులు కలిసి నా గుండెకు సెలవులు ప్రకటించారు.

కెన్రిక్ ఆ సెలవుల్లోనే నాకు దగ్గరవ్వాలా?

అతను కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. మా షెడ్డులో ఉన్న ఏడు మిషన్లనూ ఏడాదిగా అతనే చూస్తున్నాడు. నలభై ఒక్కేళ్లు, పొడుగు, తక్కువ మాటలు. మిషన్ నడుస్తుంటే దాని పక్కన చెవి పెట్టి వింటాడు. ఎవరు మాట్లాడినా అలాగే వింటాడు, నడుమ అడ్డు రాడు. నా జబ్బు గురించి అక్టోబరులో నేనే చెప్పాను. అతను కంగారు పడలేదు, జాలి చూపించలేదు. “ఏం మందు? ఎన్నిపూటలు? మానేస్తే ఎన్నాళ్లకి తేడా తెలుస్తుంది?” అని అడిగాడు. హమ్మయ్య, ఒక మనిషైనా దీన్ని మామూలు సంగతిలా తీసుకున్నాడనుకొని పొంగిపోయాను. మిషన్ల మనిషి మిషన్ల మనిషిలాగే అడిగాడని అప్పుడు తట్టలేదు.

జనవరి నడుమ ఒక మధ్యాహ్నం పెద్ద వాన. ఈకలు తడుస్తాయని ఇద్దరం షెడ్డు వెనకకు పరుగెత్తి టార్పాలిన్ లాగాం. పని అయ్యాక కూడా అక్కడే నిలబడ్డాం. నేనే ముద్దు పెట్టాను. అంతకుముందు రాత్రి ఏడున్నర గంటలు నిద్రపోయాను, పొద్దున మాత్ర వేసుకున్నాను, కడుపు నిండా తిన్నాను. అంత నిలకడగా ఉన్న ఒంటితో నేను జీవితంలో ఎవరినీ ముద్దు పెట్టుకోలేదు. వారం తిరగకుండానే అతను అడిగాడు.

“నా ఇంట్లో రెండు గదులున్నాయి, మార్వా. ఒకటి ఊరికే ఉంది. వచ్చేస్తావా?”

“ఊరికే ఉన్న గదిలోకా?”

“కాదు, నా గదిలోకి. ఊరికే ఉన్నదాంట్లో నీ ఈకలు పెట్టుకో.”

నాకు అక్కడికక్కడే అవునని అరవాలనిపించింది. అరవాలనిపించిందంటే అనుమానించాల్సిందేగా! పళ్లు బిగపట్టి, “విభూది బుధవారం చెబుతాను,” అన్నాను. అతను తలూపి, స్క్రూడ్రైవరు తీసుకొని మళ్లీ మిషన్ కిందికి దూరాడు.

ఫిబ్రవరి రెండో వారంలో ఒకరోజు అతను మిషన్ బెల్టు కొనడానికి బజారుకెళ్లాడు. ఇక్కడ ఏడో నంబరు మిషన్ మీద దారం పుటుక్కుపుటుక్కుమని తెగుతోంది.

“ఆ మహానుభావుడు పోయినసారి దీన్నేం చేశాడో చూడవే!” అని మిస్ యూలా అటునుంచి కేకేసింది. “పుస్తకంలో రాస్తాడుగా!”

కెన్రిక్ దగ్గర నల్ల అట్ట నోటు పుస్తకం ఒకటుంది. ఒక్కో మిషన్‌కు ఒక్కో పేజీ. ఎప్పుడు నూనె వేశాడో, ఏ భాగం మార్చాడో, ఏ చప్పుడు వచ్చిందో అన్నీ రాసుకుంటాడు. అతను వదిలివెళ్లిన సంచిలోంచి తీసి ఏడో పేజీ చూశాను. దారం బిగువు సరిచేశాడట. పేజీ తిరగేశాను. షెడ్డులో ఎనిమిదో మిషన్ లేదు. ఎనిమిదో పేజీ నాది.

‘మార్వా’ అని పైన గీత గీసి మరీ రాశాడు. కింద:

జనవరి 8. నిద్ర 7 గంటలు (వెర్లిన్ చెప్పింది). మామూలు.

జనవరి 11. భోజనం సగం వదిలేసింది. పాట పాడింది.

జనవరి 14. మాటలు ఎక్కువ. రెండుసార్లు పెద్దగా నవ్వింది.

జనవరి 16. వాన. షెడ్డు వెనక. తనే ముద్దు పెట్టింది. ?

ఇలా ఫిబ్రవరి తొమ్మిది దాకా ఉంది.

పదకొండో తారీకున భోజనం ఎందుకు వదిలేశానంటే, మిస్ యూలా ఆ రోజు మాకందరికీ వండే పెలావ్, అంటే మాంసం వేసిన అన్నం, మాడ్చి పెట్టింది. కుక్కలు కూడా ముట్టలేదు. పద్నాలుగున రెండుసార్లెందుకు నవ్వానంటే, ఆవిడ సవరం జిగురు డబ్బాలో పడింది. మొదటిసారి పడినందుకు, రెండోసారి ఆవిడ దాన్ని బయటికి లాగినందుకు. షెడ్డంతా పొర్లి పొర్లి నవ్వింది. నవ్వినవాళ్లలో పేజీ నాకొక్కదానికే తెరిచారు.

అవన్నీ పోనీ. ముద్దు పక్కన ఆ ప్రశ్నార్థకమే నాకు మింగుడు పడలేదు. నా జీవితంలో నేను తెలివి తెచ్చుకొని చేసిన ఒక్క మంచి పని అది. దానికి అతను అనుమానం గుర్తు పెట్టాడు.

అతను రాగానే ఆ పుస్తకం నెత్తిన వేసి కొట్టాలనుకున్నాను. కానీ కోపం అయిదో లక్షణం. ఇప్పుడు నేను గొంతెత్తితే ఆ గొంతు రేపు తారీకుతో సహా ఎనిమిదో పేజీలోకి ఎక్కుతుంది. పుస్తకం సంచిలో పెట్టేసి, “దారం బిగువు సరిచేశాడట, మిస్ యూలా,” అన్నాను.

ఇంటికెళ్లి అక్కను నిలదీశాను.

“రోజూ అతనికి నా నిద్ర లెక్క చెప్పేది నువ్వేనా?”

“నేను ఫోన్ చేసినప్పుడు అతనే అడుగుతాడు. మంచివాడు కాబట్టే అడుగుతున్నాడు. గొంతు పెరుగుతోంది, మార్వా.”

“పెరగదా మరి? నా వెనక నాకు డైరీ రాస్తారా మీరు?”

“చూడు, చేతులు కూడా ఎలా తిప్పుతున్నావో.”

“పుట్టినప్పట్నించీ తిప్పుతూనే ఉన్నానక్కా! నువ్వు తిప్పవా? ఈ ఊళ్లో చేతులు కట్టుకుని మాట్లాడేవాళ్లని ఒక్కర్ని చూపించు!”

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. నంబరు నొక్కలేదు, ఊరికే పట్టుకుంది. “రెండేళ్ల కిందట కూడా బాగానే ఉన్నానన్నావు,” అంది మెల్లగా. “కత్తెర చేత్తో పట్టుకుని అన్నావు.”

ఆమె భయం ఉత్త భయం కాదని నాకు తెలుసు, అదే నన్ను ఇంకా కాల్చేది. ఆమె మీద అరిస్తే నేను పాపిష్టిదాన్ని, అరవకపోతే మూగదాన్ని.

డాక్టర్ మహాబీర్ దగ్గరికి నేనే వెళ్లాను. ఆవిడ అంతా విని, “కారణం ఉన్న కోపం జబ్బు కాదమ్మా,” అంది. నేను కుర్చీలోంచి లేచి ఆవిడకు దండం పెట్టబోతుంటే, “కాకపోతే ఆ కోపంతో నిద్ర చెడితే అదే జబ్బుకి దారి. నిద్ర జాగ్రత్త. కార్నివాల్ అయ్యే ముందు ఒకసారి రక్తం ఇచ్చి వెళ్లు. పెద్ద నిర్ణయాలు మాత్రం ఆ తర్వాతే,” అని ముగించింది. కోపం నాదేనట, దాన్ని వాడుకోవడానికి మాత్రం మూడు వారాలు ఆగాలట.

ఆగాను. ఆ మూడు వారాలూ ఎలా గడిచాయో నాకే తెలియాలి. తొమ్మిదింటికల్లా దీపం ఆర్పాను. మిస్ యూలా పెట్టింది మాడినా ఉడక్కపోయినా పళ్లెం ఖాళీ చేశాను. నవ్వొస్తే నోరు మూసుకున్నాను. కెన్రిక్ పక్కన కూర్చుంటే వాతావరణం గురించి మాట్లాడాను. కోపం మాత్రం కడుపులో నిప్పులా అలాగే ఉంది. దాన్ని ఆరనివ్వలేదు, మండనివ్వలేదు. దానికే అందరూ నన్ను మెచ్చుకున్నారు. “ఎంత బాగున్నావే ఇప్పుడు!” అంది అక్క. మిస్ యూలా కూడా అదే అంది. కెన్రిక్ మాత్రం ‘మామూలు’ అని రాసుకొని ఉంటాడు.

కార్నివాల్ సోమవారం, మంగళవారం నేను వేషం కట్టలేదు. అక్క ఇంటి వరండాలో కూర్చొని వీధిలోకి చూశాను. బ్యాంకు మేనేజరు ఒంటినిండా నీలం రంగు పూసుకొని గేటు స్తంభాన్ని కౌగిలించుకొని ఏడుస్తున్నాడు. పక్కింటి టీచరమ్మ ముక్కూ ముఖం తెలియనివాళ్ల మెడలో చేతులు వేసి గంతులేస్తోంది. రెండు రోజులుగా ఎవరూ నిద్రపోలేదు, ఎవరూ తిన్నగా తినలేదు, ఎవరి నోరూ ఆగడం లేదు. వాళ్ల పేరుతో ఏ పుస్తకంలోనూ పేజీ లేదు. ఊరందరికీ పిచ్చి పట్టే హక్కుంది, డాక్టరు కాగితం ఉన్నదానికి తప్ప. చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. మంగళవారం రాత్రి కూడా తొమ్మిదింటికే పడుకొని ఎనిమిది గంటలు నిద్రపోయాను.

విభూది బుధవారం పొద్దున అక్క నుదుట విభూది పెట్టించుకోవడానికి చర్చికెళ్లింది. నేను రక్త పరీక్ష కాగితం మడిచి జేబులో పెట్టుకొని కెన్రిక్ దుకాణానికి నడిచాను. వీధుల్లో తెగిపోయిన పూసలు, తొక్కేసిన ఈకలు. ఊరంతా గొంతు పోగొట్టుకొని పడుకుంది. అతను మాత్రం క్యాంపుల నుంచి తిరిగొచ్చిన మిషన్ల నడుమ కూర్చొని ఒకదాని సూది విప్పుతున్నాడు.

“వచ్చావా,” అని లేచాడు. “రాత్రి నిద్రపట్టిందా?”

“ఎనిమిది గంటలు. రాసుకో. పొద్దున రెండు రొట్టెలు తిన్నాను, ఉప్పు చేపతో. అదీ రాసుకో. ఇదిగో, రక్తంలో లిథియం ఎంతుందో డాక్టరమ్మ సంతకంతో సహా ఉంది. చూశావా? అన్నీ మామూలే కదా? నువ్వు ఒప్పుకుంటున్నావు కదా, నేను మామూలుగా ఉన్నానని?”

“ఒప్పుకుంటున్నాను. ఏమైంది, మార్వా?”

“ఏమైందో చెబుతాను. ఎనిమిదో పేజీ చూశాను నేను!”

మూడు వారాల కోపమంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. పెలావ్ మాడడం చెప్పాను, సవరం జిగురులో పడడం చెప్పాను, నా వెనక అక్కతో గుసగుసలాడడం చెప్పాను. నూనె వేసి బెల్టు మార్చడానికి నేను నీకు మిషన్‌లా కనబడ్డానా అని అడిగాను. అతను బొమ్మలా నిలబడి విన్నాడు. తరవాత ఆసుపత్రిలో నర్సులు వాడే ఆ మెత్తటి గొంతుతో, “కూర్చో. కాసిని నీళ్లు తాగు,” అన్నాడు.

“ఆ గొంతు మార్చు! నీళ్లు నువ్వు తాగు! నా ముద్దు పక్కన ప్రశ్నార్థకం ఎందుకు పెట్టావో చెప్పు!”

అతను చేతిలోని సూదిని బల్ల మీద పడేశాడు.

“ఎందుకు పెట్టానా? అనుమానమొచ్చి పెట్టాను! రాకూడదా? ఆ గార్విన్‌తో వేదిక మీద ఉంగరం తొడిగించుకున్నావు. నెల తిరిగేసరికి వాడి ముఖం కూడా గుర్తులేదని నువ్వే చెప్పావు. నాకు మాత్రం రేపు అలా కాదని ఏంటి నమ్మకం? నేనేమన్నా గాడిదనా, ఎవరు ఏ మైకంలో ముద్దు పెట్టినా మురిసిపోడానికి?”

“నేను మైకంలో లేను!”

“నాకెలా తెలుస్తుంది? నువ్వు చెప్పావా? నీ అక్క రోజుకి మూడుసార్లు ఫోను. ఇవాళ నవ్విందా, ఎంతసేపు నవ్విందీ అని. ఆ తర్వాత నువ్వు దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఇది మార్వానా, జబ్బా అని లోపల్లోపల చచ్చాను. ఒక్క ముద్దునన్నా సుఖంగా తీసుకోనిచ్చారా మీ అక్కాచెల్లెళ్లు? మూడు వారాల నుంచి శవంలా పక్కన కూర్చుని వానొస్తుందా, ఎండొస్తుందా అంటున్నావు. నేనంటే విసుగొచ్చిందేమో అనుకుంటున్నా నేను! నిద్ర పట్టిందా అని నన్ను ఒక్కసారి అడిగావా? ఒక్కసారి?”

దుకాణం రేకులు అదిరేలా అరుస్తున్నాడు. ఎదురింటి ముసలామె కిటికీ తెరిచి, “విభూది పెట్టుకున్న రోజున కూడా నోళ్లు మూతపడవా మీకు!” అని తిట్టింది. “నీ పని చూసుకో, అవ్వా!” అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. రెండేళ్లుగా నామీద ఎవరూ అరవలేదు. అందరూ పసిపిల్లతోనో బాంబుతోనో మాట్లాడినట్టు మాట్లాడారు. ఈ మనిషి నాతో సమానంగా, ముఖం ఎర్రబడేలా, అన్యాయంగా, న్యాయంగా పోట్లాడుతున్నాడు. ఇతనే. నాకు కావలసినవాడు ఇతనే. నా రక్తం మామూలుగా ఉంది, నా నిద్ర మామూలుగా ఉంది, నేనే ఎంచుకున్నాను.

“సరే,” అన్నాను కళ్లు తుడుచుకుంటూ. “వస్తాను. నీ గదిలోకే వస్తాను. ఇదే నా జవాబు.”

కెన్రిక్ ఆయాసపడుతూ నన్ను చూశాడు. బల్ల మీద పడేసిన సూదిని వెతికి తీశాడు. మిషన్ ముందు కూర్చున్నాడు.

“నేనిప్పుడు చెప్పలేను,” అన్నాడు.

“ఏం చెప్పలేవు? అడిగింది నువ్వు!”

“అడిగాను. అప్పుడు అడిగాను. ఇప్పుడు నాకు ఒళ్లంతా మండుతోంది, మార్వా. ఈ కోపంలో అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. ఆదివారం చెబుతాను.”

“ఆదివారమా! మూడు వారాలు ఆగాను నేను!”

“నేను నెలన్నర ఆగాను,” అని అతను సూది బిగించడం మొదలుపెట్టాడు.

ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాను. ఇన్నాళ్లూ నేను ఎంచుకోవడం గురించే కొట్లాడాను. అక్కతో, డాక్టరమ్మతో, నా బుర్రతో నేనే. అతను కూడా ఎంచుకోవాలని, నన్ను వద్దనుకునే వీలు అతనికీ ఉందని ఒక్కరోజు కూడా తట్టలేదు. జబ్బు ఉందని వద్దంటే తిట్టుకొని ఊరుకునేదాన్ని. ఇతను వద్దంటే నన్ను చూసి, నా మాట విని, నన్నే వద్దన్నట్టు. దానికి మాత్ర లేదు.

మర్నాడు పొద్దున వంటింట్లో అక్క కోకో కలుపుతుంటే నేనే వెళ్లి చెప్పాను.

“రాత్రి నాలుగు గంటలే పడుకున్నానక్కా.”

ఆమె గరిటె వదిలేసి ఫోన్ అందుకుంది.

“డాక్టరుకి చేస్తాను.”

“చెయ్యి. ఇవాళ కూడా పట్టకపోతే నేనే ఆవిడ దగ్గరికి వెళ్తాను, నువ్వు చెప్పక్కర్లేదు. కానీ కారణం కూడా చెప్పు ఆవిడకి. కెన్రిక్‌కి అవునని చెప్పాను. అతను ఇంకా చెప్పలేదు. ఆదివారం చెబుతాడట.”

అక్క దగ్గరికొచ్చి నా కళ్లలోకి చూసింది. ఏం వెతికిందో నాకు తెలుసు. తరవాత ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

“ఆదివారం దాకానా?” అంది. “ఓరి వాడి దుంపతెగ. ఇంక నాకూ పట్టదు నిద్ర.”